కోడి అలవాటు పడదు, అప్పు పడుతుంది

"పక్షికి ఊపిరి కొరతేంది? గాలి తక్కువైతే రెండు దినాల్లో అలవాటు పడిపోతుంది. చలి తగలకుండా పరదాలు బిగించి కట్టు, చాలు."

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల చలికాలం వచ్చిందంటే బ్రాయిలర్ షెడ్ల దగ్గర వినబడే మాట ఇది. పాత రైతు కొత్త రైతుకు చెప్తాడు. బ్యాచ్ చూడటానికి వచ్చిన సూపర్‌వైజర్ చెప్తాడు. దాణా దింపడానికి వచ్చినవాళ్లూ తలూపుతారు. ఇంతమంది చెప్పే మాటను ఆపి ఎవరూ అడగడం లేదు: అలవాటు పడటమంటే ఏమిటి? ఏ అవయవం అలవాటు పడుతోంది? ఆ అలవాటు ఖరీదెంత, దాన్ని కడుతున్నది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే ఆ మాట నిలబడదు. నిలబడని మాట మీద షెడ్లు నడుస్తున్నాయి గనుక ఈ ఖండన.

ముందు ఆ వాదం, దాని బలంతో సహా

ఎదుటి వాదాన్ని పలచన చేసి కొట్టడం సులువు. ఆ పని చేయను. వాళ్ల మాటకు నాలుగు కాళ్లున్నాయి.

మొదటిది, పక్షి ఊపిరితిత్తి చాలా సమర్థమైనది. మనం పీల్చిన దారినే వదులుతాం. పక్షిలో గాలి సంచుల సాయంతో ఊపిరితిత్తి గుండా గాలి ఒకే దిశలో పారుతూ ఉంటుంది. బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు హిమాలయాలు దాటి వస్తుంది. వాటికి కట్టిన పరికరాలు 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులు నమోదు చేశాయి. 1973 నవంబరు 29న అబిద్జాన్ నగరం మీద, సుమారు 11,300 మీటర్ల ఎత్తులో, ఒక రాబందు విమానాన్ని ఢీకొంది. అలాంటి జాతికి మన పీఠభూమి ఒక లెక్కా అంటారు.

రెండోది, ఒంట్లో ఆక్సిజన్‌ను కనిపెట్టే కణాలున్నాయి. ఆక్సిజన్ తగ్గగానే అవి శ్వాస పెంచుతాయి, శరీరం రక్తాన్ని చిక్కబరుస్తుంది, అన్నీ సర్దుకుంటాయి అంటారు. మూడోది, చలికి కుప్పపడి చచ్చిన పిల్లలను అందరూ కళ్లారా చూశారు, గాలి చాలక చచ్చిన పిల్లను ఎవరూ చూడలేదు అంటారు. నాలుగోది, నిజంగా కష్టముంటే కోడే నోరు తెరిచి చెప్తుంది కదా అంటారు.

పైన చెప్పిన విషయాల్లో చాలావరకు నిజాలే. ఆ నిజాల నుంచి లాగిన నిర్ధారణే తప్పు. ఒక్కొక్క కాలే చూద్దాం.

1. హిమాలయాలు దాటిన బాతు మన షెడ్డులో లేదు

ఒక పక్షి చేసిన పనిని పక్షి జాతి మొత్తానికి ఆపాదించడం ఈ వాదంలోని మొదటి పొరపాటు. బార్ హెడెడ్ గూస్ ఆ ఎత్తుకు వెళ్లగలగడానికి కారణం రెండు రోజుల అలవాటు కాదు, తరతరాల ఎంపిక. దాని హీమోగ్లోబిన్ అణువులో ఒకచోట మార్పు ఉంది, దానివల్ల పలచని గాలి నుంచి కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అది లోతుగా ఊపిరి తీస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆక్సిజన్ తగ్గినప్పుడు మామూలు బాతులో ఊపిరితిత్తి రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఈ గూస్‌లో ఆ బిగింపు చాలా తక్కువ. 1984లోనే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కొలిచి చూపారు.

మన షెడ్డులోని బ్రాయిలర్‌కు ఈ మూడింటిలో ఏదీ లేదు. దాన్ని ఎంపిక చేసింది ఎత్తు కాదు, తూకం. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి రకాన్ని, 1978 రకాన్ని, 2005 రకాన్ని ఒకే దాణాతో పెంచి చూశారు. 56వ రోజుకు అవి తూగింది వరుసగా 905, 1,808, 4,202 గ్రాములు. కండ ఇంతలా పెరిగితే ఊపిరితిత్తి దానికి తగ్గట్టు పెరగలేదు. పైగా పక్షి ఊపిరితిత్తి పక్కటెముకల్లో గట్టిగా ఇరుక్కుని ఉంటుంది, మనదిలా ఉబ్బి చోటు చేసుకోలేదు. పక్షి ఊపిరితిత్తి గొప్పదే, కానీ ఈ ఒంటికి అది చిన్నది.

పుంగనూరు వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పుంగనూరు పొట్టి ఆవు ఈ మెట్టనేలకు, ఈ కొద్దిపాటి మేతకు తరతరాలుగా కుదిరిన ఆవు. పెద్ద విదేశీ ఆవును తెచ్చి రెండు నెలలు ఎండుగడ్డి మీద నిలబెడితే అది పుంగనూరు ఆవు అయిపోతుందని ఇక్కడ ఏ రైతూ అనడు. చిక్కి శల్యమవుతుందనే అంటాడు. ఆవు విషయంలో తెలిసిన ఈ నిజాన్ని కోడి దగ్గరికి వచ్చేసరికి మరచిపోవడమెందుకు?

2. కాపలా కణం కేక వేస్తుంది, అన్నం పెట్టదు

కోడి మెడ ఛాతీలోకి దిగే చోట, పెద్ద ధమనిని ఆనుకుని, పారాథైరాయిడ్ గ్రంథి పక్కన ఆవగింజకన్నా చిన్న ముద్ద ఒకటి ఉంటుంది. కెరోటిడ్ బాడీ అంటారు. మనిషికి దవడ కింద ఉండేది కోడికి ఛాతీ మొదట్లో ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ను చెక్ చేసే గ్లోమస్ కణాలు అందులోనే ఉన్నాయి. ఈ అవయవం శ్వాసను నడిపించే తీరు తేల్చినందుకే కార్నీల్ హైమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తంలో ఆక్సిజన్ పీడనం తగ్గితే ఈ కణాల పొరలో పొటాషియం బయటికి పోయే ద్వారాలు మూసుకుంటాయి. కణం విద్యుత్ స్థితి మారుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, లోపల దాచిన రసాయనాలు బయటపడతాయి. కోడి కణాల్లో సెరొటోనిన్ పుష్కలంగా ఉంటుంది. ఆ సందేశాన్ని వేగస్ నాడి మెదడుకు మోస్తుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగే పని.

ఇక్కడ వాదంలోని గుట్టు చూడండి. "కనిపెట్టే కణాలున్నాయి కాబట్టి ప్రమాదం లేదు" అంటున్నారు. ఊళ్లో దండోరా వేసేవాడు ఉన్నాడు కాబట్టి చెరువు తెగదు అన్నట్టుంది. గ్లోమస్ కణం చేసేది హెచ్చరిక. గాలిలో లేని ఆక్సిజన్‌ను అది పుట్టించలేదు. ఊపిరి వేగం పెంచినా పీల్చేది అదే షెడ్డు గాలి.

కేక ఆగకుండా వారాల తరబడి సాగితే ఏమవుతుంది? ఆండీస్ పర్వతాల్లో పుట్టి పెరిగిన మనుషుల కెరోటిడ్ బాడీ మామూలుకన్నా పెద్దదై ఉంటుందని పెరూ వైద్యుడు హావియర్ అరియాస్ స్టెయ్యా 1969లో చూపాడు. కాపలావాడి బలగం పెరిగిందంటే ఊరు నిమ్మళంగా ఉందని అర్థం కాదు, రోజూ దొంగలు పడుతున్నారని. కోడిలో అయితే కథ గుడ్డులోనే మొదలుకావచ్చు. పిండదశలో ఎక్కువకాలం తక్కువ ఆక్సిజన్‌లో పొదిగిన పిల్లలు, బయటికొచ్చాక ఆక్సిజన్ తగ్గితే ఊపిరి పెంచడంలో వెనకబడ్డాయని మాంట్రియల్ ప్రయోగాలు చెప్పాయి. కొన్నాళ్ల కొరత తర్వాత కాపలా మొద్దుబారింది. దీన్నే అలవాటు అంటే, అది కోడికి మేలు చేసే అలవాటు కాదు.

3. సర్దుబాటు ముదిరితే అదే జబ్బు

"శరీరం సర్దుకుంటుంది" అన్న మాటను అసలు కొట్టవలసింది ఇక్కడ. సర్దుకుంటుంది, నిజమే. ఎలా సర్దుకుంటుందో చూడండి.

కొరత గంటలు దాటి రోజుల్లోకి వెళ్తే, కణాల్లోని హిఫ్ అనే ప్రోటీన్ నిలదొక్కుకుని జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ వ్యవస్థను విప్పినందుకే కేలిన్, ర్యాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019 నోబెల్ వచ్చింది. దాని ఆజ్ఞ మీద ఎర్రకణాల ఉత్పత్తి పెరుగుతుంది. మామూలు కోడి రక్తంలో ఎర్రకణాల వంతు 30 శాతం అటూ ఇటూ. కొరతలో పెరిగిన కోళ్లలో అది 40 దాటిపోవచ్చు. రక్తం చిక్కబడుతుంది. అసలే పక్షి ఎర్రకణంలో కేంద్రకం ఉంటుంది, సన్నని సందుల్లో మనదంత సులువుగా వంగదు.

మరోవైపు ఊపిరితిత్తి రక్తనాళాలు తమంతట తాము ఆక్సిజన్ కొరతను పసిగట్టి బిగుసుకుంటాయి. ఊపిరితిత్తిలో ఒక మూల గాలి అందకపోతే రక్తాన్ని వేరే మూలకు మళ్లించే మంచి ఏర్పాటు అది. షెడ్డు గాలే బాగాలేకపోతే ఊపిరితిత్తి అంతా ఒకేసారి బిగుసుకుంటుంది. చిక్కబడ్డ రక్తాన్ని ఇరుకైన గొట్టాల్లోకి తోయాలి. తోసేది కుడి గుండె. తోసి తోసి దాని గోడ మందమవుతుంది.

కోడి గుండె నిర్మాణం ఇక్కడ దానికే శత్రువవుతుంది. కుడివైపు పైగదికీ కిందగదికీ మధ్య తలుపు మనకు పల్చటి పొరలతో ఉంటుంది. కోడికి అది కండతో చేసిన రెక్క, కిందగది గోడలోని భాగమే. గోడ మందమైతే తలుపూ మందమై సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి తన్నుతుంది. కాలేయం ఉబ్బుతుంది, దాన్నుంచి నీరు ఊరి పొట్టలో చేరుతుంది. కెనడా పశువైద్యుడు రిచర్డ్ జూలియన్ లాంటివాళ్లు దశాబ్దాల కిందటే ఈ వరుసను విప్పి చెప్పారు.

అలా చచ్చిన కోడిని కోసి చూసినవాళ్లకు తెలుసు. పొట్ట తోలు మీద కత్తి ఆనించగానే గడ్డిరంగు నీరు చిమ్ముతుంది, మధ్యమధ్య జిగురు ముద్దలు తేలుతుంటాయి. గుండెను అరచేతిలో పెట్టుకుంటే కుడిపక్క ఎడమను మించి ఉబ్బి సంచిలా వేలాడుతుంది. కాలేయం అంచులు గుండ్రంగా మొద్దుబారి ఉంటాయి. మన షెడ్లలో నీళ్లపొట్ట అని ఒక్కమాటలో తేల్చి గుంతలో పూడ్చేస్తున్నది దీన్నే. ఇందులో బయటి నుంచి వచ్చిన క్రిమి ఏదీ ఉండనవసరం లేదు. శరీరం సర్దుకోవడానికి చేసిన పనులే ఒకదాని మీద ఒకటి పేరుకుని కోడిని చంపాయి. ఆక్సిజన్ కొరతను ఆ కోడి తట్టుకోలేదు, తన గుండె మీద అప్పు రాసుకుంటూ వచ్చింది. వడ్డీ ఐదో వారంలో పడింది.

4. "700 మీటర్లు ఒక ఎత్తా?"

మదనపల్లె సముద్రమట్టానికి 695 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా ఇంచుమించు అదే మెట్టు మీదివి. అక్కడ ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రతీరం కన్నా సుమారు 8 శాతం తక్కువ. ఏనుగు మల్లమ్మ కొండ అని పెద్దలు పిలిచిన హార్స్‌లీ హిల్స్ పైకి, 1,200 మీటర్లు దాటి వెళ్తే 14 శాతం దాకా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది తెలియను కూడా తెలియదు. నాటుకోడికీ తెలియదు. 700 మీటర్ల ఎత్తు తనంతట తాను కోడిని చంపదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఖాళీ లారీ మొగిలి ఘాట్ ఎక్కడం వేరు, నిండా సరుకేసిన లారీ ఎక్కడం వేరు. 40 గ్రాముల పిల్ల 40 రోజుల్లో రెండు కిలోలు దాటాలి. ఆ ఒళ్లు ఇంజను చివరి గేరులో నడుస్తోంది. అక్కడ 8 శాతం చిన్న సంఖ్య కాదు. నీళ్లపొట్ట జబ్బును మొదట గుర్తించింది 1950ల చివర బొలీవియా కొండల్లో. ఆ తర్వాత బ్రాయిలర్ వేగంగా పెరగడం మొదలయ్యాక అదే జబ్బు మైదానాలకూ సముద్రతీరాలకూ దిగింది. అంటే కోడి వేగం పెరిగేకొద్దీ తక్కువ ఎత్తు కూడా ఎక్కువ ఎత్తుతో సమానమైంది. సముద్రమట్టాన వచ్చే జబ్బు మన మెట్ట మీద రాదనడానికి ఆధారమేమిటి?

ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో కోళ్లను సుమారు 2,900 మీటర్ల ఎత్తుతో సమానమైన పీడనం ఉన్న గదిలో పెంచి, నీళ్లపొట్ట వచ్చే వంశాలనూ రాని వంశాలనూ వేరుచేశారు. ఒకే గది, ఒకే గాలి, ఒకే దాణా. కొన్ని వంశాలు చచ్చాయి, కొన్ని నిలిచాయి. నిలిచింది వంశబలంతో. అలవాటే కాపాడేదైతే ఆ గదిలో అన్నీ నిలవాలి కదా.

5. చలినుంచి కాపాడటం వేరు, ఉక్కిరిబిక్కిరి చేయడం వేరు

అవతలివాళ్ల వాదంలో బలమైన కాలు ఇదే కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. చలి నిజంగా శత్రువే. చలిలో పిల్ల ఒళ్లు వేడి నిలుపుకోవడానికి ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది. నీళ్లపొట్టను రెచ్చగొట్టే కారణాల్లో చలి మొదటి వరుసలో ఉంది. డిసెంబరు తెల్లవారుజామున కుప్పం గాలి ఎలా కోస్తుందో తెలిసిన ఎవరూ పరదాలు వద్దనరు.

తప్పు ఎక్కడంటే, చలికి విరుగుడు గాలిని మూయడమే అనుకోవడంలో. పరదాలు మూస్తే షెడ్డులో ఆక్సిజన్ సగానికి పడిపోతుందని నేను చెప్పడం లేదు, శాతం కొద్దిగానే తగ్గుతుంది. పెరిగేవి వేరే ఉన్నాయి. కోళ్ల ఊపిరి నుంచి బొగ్గుపులుసు వాయువు. తడిసిన వేరుశనగ పొట్టు నుంచి, ఊక నుంచి అమ్మోనియా. దాణా దుమ్ము. బొగ్గుల కుంపటి నుంచి కార్బన్ మోనాక్సైడ్. అమ్మోనియా శ్వాసనాళంలోని సన్నని నూగును కాల్చి, దుమ్మునూ క్రిములనూ ఊపిరితిత్తిలోకి వదులుతుంది. గాలిలో ఆక్సిజన్ ఉన్నా రక్తంలోకి దాటే దారి మూసుకుపోతుంది. మెట్ట ఎత్తు తగ్గించిన 8 శాతం మీద ఈ నష్టం వచ్చి పడుతుంది. చలిని ఆపడానికి చేసిన పని చలి తెచ్చే జబ్బునే తెచ్చిపెడుతుంది.

మదనపల్లె వాళ్లకు గాలి విలువ ఒకరు చెప్పాలా? 1910లలో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం వెలిసింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మొల్లర్ దాన్ని నడిపాడు. క్షయకు మందు లేని రోజులవి. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే చికిత్స. ఊపిరితిత్తులు చెడిన మనుషులు దూరదూరాల నుంచి ఏ గాలిని వెతుక్కుంటూ వచ్చారో, ఆ గాలి పరదా అవతలే వీస్తోంది. దాన్ని పూర్తిగా బయటే నిలబెట్టి, రెండు కిలోల కోడి ఎందుకు చచ్చిందని అడుగుతున్నాం.

6. "కష్టముంటే కోడే చెప్తుంది"

చెప్పదు. మూడు కారణాలు.

ఒకటి, గ్లోమస్ కణాలు కొలిచేది రక్తంలో కరిగిన ఆక్సిజన్ పీడనాన్ని, రక్తం మోస్తున్న మొత్తాన్ని కాదు. కుంపటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను ఆక్రమించుకుంటే మోసే మొత్తం పడిపోతుంది, పీడనం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కాపలా కణం పెద్దగా కేక వేయదు. పిల్లలు నోరు తెరవకుండానే నీరసించి పడుకుంటాయి. వెచ్చగా పడుకున్నాయని మనం సంతోషిస్తాం.

రెండు, అప్పు రాసుకునే రోజూ వసూలయ్యే రోజూ వేరు. పరదా బిగించింది మొదటి రెండు వారాల్లో, జుట్టు నల్లబడి పొట్ట ఉబ్బి కోడి చచ్చేది నాలుగో వారం తర్వాత. నడుమ అది దాణా తింటూ, తూకం పెరుగుతూ కనిపిస్తుంది. గాలి చాలక చచ్చిన పిల్లను ఎవరూ చూడలేదన్న మాటకు ఇదే జవాబు. చావును చూశారు, కారణాన్ని చూడలేదు. నెల కిందటి పొరపాటును ఈ రోజు శవంలో ఎవరూ వెతకరు. దాణా మీదో, నీళ్ల మీదో, పిల్ల నాణ్యత మీదో నెపం పడుతుంది.

మూడు, మన ముక్కు కూడా అలవాటు పడుతుంది. పొద్దున లేచి షెడ్డులోకి అడుగుపెట్టిన మొదటి నిమిషం కళ్లు మండుతాయి. గంట గడిస్తే ఘాటు తెలియదు. ఘాటు పోయిందా? పోలేదు, ముక్కు మొద్దుబారింది. అలవాటు అన్న మాటలోని మోసం రైతు ముక్కులోనే ఉంది. బాధ తెలియకుండా పోవడాన్ని బాధ పోవడం అనుకుంటున్నాం.

7. ఈ అప్పు కట్టేది ఎవరు?

ఇది కేవలం శాస్త్రచర్చ అయితే ఇంత గొంతెత్తి రాసేవాణ్ణి కాదు. ఒప్పందం మీద కోళ్లు పెంచే రైతుకు పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి, నిద్ర రైతువి. ఐదో వారంలో చచ్చే కోడి అప్పటికి తినాల్సిన దాణాలో చాలావరకు తినేసి ఉంటుంది. మోర్టాలిటీ పెరిగింది, దాణా లెక్క చెడింది అని పెంపకం కూలిలో కోత పడుతుంది. అలవాటు పడుతుందిలే అని సలహా ఇచ్చినవాడి జేబులోంచి రూపాయి పోదు. సలహా తప్పయితే నష్టపోయేది దాన్ని నమ్మినవాడే. ఖర్చులేని సలహా ఇంత తేలిగ్గా ఊరూరూ తిరగడానికి కారణమూ అదే.

కాబట్టి నా మాట ఖరాఖండిగా చెప్తున్నాను. దాణా, నీరు, వెచ్చదనం లాగే గాలి కూడా లెక్కలో రాయాల్సిన ఇన్‌పుట్. పరదా కింది నుంచి కాదు, పైనుంచి తెరిచేలా కట్టాలి. చలిగాలి పిల్లల మీద పడదు, వేడెక్కి పైకి లేచిన చెడుగాలి బయటికి పోతుంది. ఎంత చలి రాత్రయినా పైన జానెడు సందు ఉండాలి. వెచ్చదనం కుంపటితోనో బల్బుతోనో రావాలి, గాలిని బంధించడంతో కాదు. కుంపటి పొగకు బయటికి గొట్టం ఉండాలి. తడిసిన పొట్టును ఆ రోజే తిరగేయాలి, గడ్డకట్టింది తీసేయాలి. రెండో, మూడో వారాల్లో దాణా కొంచెం పట్టి పెట్టి, రాత్రి చీకటి గంటలు ఇచ్చి పెరుగుదల వేగానికి కళ్లెం వేయాలి. ఆ రెండు వారాల్లో తగ్గిన తూకాన్ని కోడి తర్వాత చాలావరకు అందుకుంటుంది, చెడిన గుండెను అందుకోలేదు.

కంపెనీలు మెట్టప్రాంత షెడ్లకు గాలి ఏర్పాటును ఒప్పందంలోనే రాయాలి, దాని ఖర్చులో వంతు భరించాలి. చచ్చిన కోడిని గుంతలో వేసే ముందు కోసి గుండె కుడిపక్క చూడాలి, చూసింది బ్యాచ్ పుస్తకంలో రాయాలి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నది కొండ దిగితే అందే దూరంలోనే. మన ఎత్తులో, మన చలిలో, మన పరదాల వెనక పెరిగే కోళ్ల గుండెలను అక్కడివాళ్లు తూచి చెప్పాలి. విదేశాల లెక్కలు దారి చూపిస్తాయి, మన లెక్క మనమే తీయాలి.

రేపు తెల్లవారుజామున షెడ్డులోకి వెళ్లినప్పుడు నిలబడి వాసన చూడకండి. పొట్టు మీద మోకాళ్లు ఆనించి, పిల్ల తల ఉండే ఎత్తుకు మీ ముఖం దించి, పది ఊపిర్లు పీల్చండి. కళ్లు మండితే ఆ క్షణమే పైపరదా సడలించండి. మీరు లేచి బయటికి రాగలరు. ఆ పిల్ల తన 40 రోజులూ అక్కడే ఉండాలి.